అతన్ని గట్టు మీద నిలబెట్టిన వారం

నందివాడ చేపల చెరువుల మీద గడిపిన ఎనిమిది నెలల్లో నేను ఎవరితోనూ మంచిగా మాట్లాడిన గుర్తు లేదు. నాతో ఎవరైనా మంచిగా మాట్లాడిన గుర్తూ లేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడే వయసు దాటిపోయింది కనుక ముందే చెప్పేస్తున్నాను.

నేను బందరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. నలభై మూడేళ్ళు వచ్చినా నా పేరు ముందు డాక్టర్ అన్న ముక్క ఉండేది కాదు. అది ఉన్నవాళ్ళు, నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళు, నా మీద పెత్తనం చేసేవాళ్ళు. స్టాఫ్ రూములో ఫ్యాను కింద కుర్చీ వాళ్ళది, కిటికీ ఎండ నాది. ఆ ముక్క కోసమే పరిశోధనలో చేరాను. జ్ఞానం మీద ఆసక్తి అని తర్వాత నలుగురికీ చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి ఆ కుర్చీయే.

అయితే ఎంచుకున్న విషయం మీద మాత్రం నాకు నిజంగానే పిచ్చి. మనిషికి ఒక సంగతి ఎలా తెలుస్తుంది? తెలిసినవాణ్ణి అడిగితే చెప్పలేడు. చెప్పినా తప్పు చెబుతాడు. కాబట్టి అతను చేసే పని చేయగల యంత్రాన్ని మనమే కట్టాలి. అది ఎక్కడ తప్పుతోందో చూస్తే, మనిషి బుర్రలో ఏం జరుగుతోందో అక్కడ బయటపడుతుంది. ఈ నమ్మకం నాకు పుస్తకాల వల్ల కలిగింది కాదు, మా అమ్మ ముగ్గుల వల్ల కలిగింది.

మా అమ్మ ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు తడుముకోకుండా వేసేది. ఎలా వేస్తావని అడిగితే "నడిమధ్య నుంచి మొదలుపెట్టి బయటికి అల్లుకుంటూ పోవడమేనే" అనేది. డిగ్రీలో ఉండగా ఆ మాట పట్టుకుని కంప్యూటర్ చేత ఆ ముగ్గు వేయించబోయాను. నడిమధ్య నుంచి మొదలుపెడితే గీత ఎక్కడో ఒకచోట చిక్కుపడి ఆగిపోయేది. నాలుగు రోజులు కుస్తీ పట్టి, చివరికి పొద్దున్నే వాకిట్లో అమ్మ వెనక నిలబడి చూశాను. ఆమె మొదలుపెట్టేది ఎడమ మూల నుంచి. ముప్పై ఏళ్ళుగా ఎడమ మూల నుంచి వేస్తూ, నడిమధ్య నుంచి వేస్తున్నానని అనుకుంటోంది. ఆ రోజు ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. నాతో అబద్ధం చెప్పావేమే అమ్మా అని నేను అనలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

ముగ్గు సంగతే మా గైడుకు చెప్పాను. ఆయన కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా "ముగ్గులకి డాక్టరేట్లు ఇవ్వరమ్మా. తప్పు చెబితే నష్టమొచ్చే పనేదైనా చూసుకుని రా" అన్నాడు. అలాంటి పని మా మేనమామ దగ్గర ఉంది.

మావయ్య ఉండేది గుడివాడలో. చెరువులు నందివాడ అవతల. ఒకప్పుడు వరి పండిన చేలనే తవ్వి చెరువులు చేసి, శీలావతి, బొచ్చె చేపలు పెంచుతున్నాడు. అక్కడ మేత వేసే పద్ధతి ఒకటుంది. చెరువు పొడుగునా వరసగా కర్రలు పాతి, వాటి మధ్య తాళ్ళు లాగి కట్టి, చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడూ నూనెగింజల చెక్కా నింపి ఆ తాళ్ళకి వేలాడదీస్తారు. సంచి సగం పైగా నీళ్ళలో మునిగి ఉంటుంది. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతులు ఆనించి మేత లాక్కుంటాయి. పొద్దున సంచులు కట్టడానికీ, సాయంత్రం ఒకసారి చూసి రావడానికీ ఒక మనిషి చిన్న పడవేసుకుని ఆ వరసల మధ్య తిరుగుతాడు.

నీళ్ళలో గాలి తగ్గిన రోజు చేపలు తెల్లవారేసరికి పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. తేలడం అంటారు దీన్ని. ముందు రోజు సాయంత్రమే కనిపెట్టి, నీళ్ళు చిలికే ఏరేటర్లు సిద్ధం చేసుకుంటే బతుకుతాయి. లేకపోతే పొద్దున్నకి తెల్లటి పొట్టలు కనిపిస్తాయి. రోజూ వేసుకుంటే పోలేదా అని నేను అడిగితే, కరెంటు మీ తాత ఇస్తాడా అన్నాడు మావయ్య. మా తాత అంటే ఆయన సొంత తండ్రే.

రేపు తేలతాయో తేలవో సాయంత్రం నాలుగింటికే చెప్పగల మనిషి ఆ చెరువుల మీద ఒకడున్నాడు. దివిసీమలో, సముద్రం మీద వేటకు వెళ్ళే ఇంట్లో పుట్టినవాడు. వేట గిట్టుబాటు కాక పందొమ్మిదేళ్ళ కిందట చెరువు పనికి వచ్చాడు. గట్టు మీద రేకుల పాకలో అతనూ భార్యా ఉండేవాళ్ళు. నాకంటే పదేళ్ళు పైబడ్డ మనిషి. నేను అతన్ని నువ్వు అనేదాన్ని. మా ఇళ్ళల్లో పాలేళ్ళని అలాగే అంటారు, నాకు అందులో వింతేమీ కనిపించలేదు. అతను నన్ను అమ్మాయిగారూ అనేవాడు. మాట్లాడినంతసేపూ చెరువు వైపో తన కాళ్ళ వైపో చూసేవాడు. నాకది పొగరులా అనిపించేది.

మొదటి రోజే అడిగాను, రేపటి సంగతి నీకెలా తెలుస్తుందని.

"నీళ్ళు చూస్తానండీ."

"నీళ్ళలో ఏం చూస్తావు?"

"రంగండీ. పైన తెట్టు. ఆ కదలికండీ."

"ఏ రంగు?"

"అదేనండీ అమ్మాయిగారూ, ఆ రంగే" అన్నాడు, ఇంతకంటే విడమరచి ఎవరు చెబుతారన్నట్టు.

మావయ్య పక్కనే ఉన్నాడు. మేత సంచుల మీద చెయ్యి వేసి గట్టిగా నవ్వాడు. "నీ కంప్యూటర్ పెట్టె చూసి చెప్పగలిగితే ఇంక ఈడితో పనేముందే నాకు? ఆ పాక పీకించి జనరేటర్ పెట్టుకుంటా." అతను అక్కడే ఉన్నాడు, విన్నాడు. పాక గుమ్మంలో అతని భార్య చేపలు తోముతోంది, ఆమె కూడా విన్నది. నేను మాత్రం అదేంటి మావయ్యా అని ఒక్క ముక్క అనలేదు. నా పెట్టె పనిచేయాలంటే అతను నాకు నేర్పాలి, నేర్పితే అతని నీడ పోతుంది. మా నలుగురికీ మొదటి రోజే తెలిసిన సంగతి ఇది.

అలా మొదలైంది. బందరులో బస్సెక్కి గుడివాడలో దిగడం, అక్కడి నుంచి ఆటోలో నందివాడ, తర్వాత మావయ్య మనిషి బండి మీద చెరువు. వేసవి సెలవులన్నీ ఆ ఎండలో పోయాయి. నాకు ఈత రాదు. చేపల వాసన గిట్టదు. పడవ ముక్కున బిక్కుబిక్కుమంటూ కూర్చుని, వెనక నిలబడిన అతన్ని ఫోన్‌తో వీడియో తీసేదాన్ని. అతను కావాలనే పడవని నా వైపు నీళ్ళు చిమ్మేలా తోసేవాడని ఇప్పటికీ నా అనుమానం. గట్టు మీద నేను కూర్చునే చోటు చూసి మరీ అతని భార్య చేపలు కడిగిన నీళ్ళు పారబోసేది. "ఎన్ని ఫోటోలు తీస్తందయ్యా ఆవిడగారు నీకు, పెళ్ళిచూపులు గానీ చూస్తందా?" అని ఒకసారి నాకు వినపడేలా అంది. నేను వినపడనట్టు రాసుకున్నాను. తర్వాత ఆమె పేర్చుకున్న వంట కట్టెలు గట్టు అందం చెడగొడుతున్నాయని మావయ్యతో చెప్పి తీయించాను. నా బుద్ధి అంతే.

నలభై రోజులు. ప్రతి సాయంత్రం అతను వరసల మధ్య నాలుగైదు చోట్ల పడవ ఆపేవాడు. ఆపినప్పుడల్లా నీళ్ళకేసి కళ్ళు చికిలించి చూసేవాడు. వెనక్కి వచ్చి "తేలతాయండీ" అనో "పర్లేదండీ" అనో చెప్పేవాడు. మర్నాడు పొద్దున నా ఆక్సిజన్ మీటరు చూసుకుంటే అతను చెప్పినట్టే ఉండేది. ఎన్నిసార్లు తప్పుతాడా అని ఎదురుచూశానో. రెండుసార్లు తప్పాడు. ఆ రెండు రోజులూ నాకు పండగ.

వీడియోలన్నీ కంప్యూటర్‌లో వేసుకుని, అనవసరమైన భాగాలు కత్తిరించాను. అతను నీళ్ళు చూస్తానన్నాడు కాబట్టి నాకు కావలసింది కళ్ళు, ఆ కళ్ళు చూసే నీళ్ళు. మిగతాది, అంటే మనిషిలో మెడ కింద భాగం మొత్తం, తీసి పారేశాను. గట్టు మీద గుంజ పాతి కెమెరా పెట్టాను. నీళ్ళ రంగూ తెట్టూ కదలికా చూసి చెప్పేలా పెట్టెకి నేర్పాను. అది ఏం చెప్పేదంటే, రూపాయి బిళ్ళ ఎగరేసినా అంత మాత్రం చెబుతుంది.

మార్చి చూశాను. మంచి కెమెరా కొన్నాను. ఇంకో చోట పాతాను. ఆషాఢం మబ్బులు కమ్మాయి, కాలేజీ తెరిచారు, పెట్టె మాత్రం ఒక్క మెట్టు ఎక్కలేదు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారం. నీళ్ళు బాలేవు, ఎండ బాలేదు అంటావేంటే?" అన్నాడు మావయ్య. గైడు ఇంకో అడుగు ముందుకేశాడు. "అసలు ఆ మనిషికి నిజంగా తెలుసా, లేక మీరంతా కలిసి నమ్ముతున్నారా? ముందు అది తేల్చుకుని రా" అన్నాడు. ఆ మాట నాకు మంట పుట్టించింది. ఆ మంటలోనే ఒక పరీక్ష తయారుచేశాను.

అతను పడవలో, కెమెరా గట్టు మీద. పోటీ సమానంగా లేదు. కాబట్టి ఒక వారం పాటు అతను పడవ ఎక్కకూడదు. సాయంత్రం నా కెమెరా పక్కనే నిలబడి, కెమెరా చూసే నీళ్ళే చూసి చెప్పాలి. మేత పనికి మావయ్య వేరే మనిషిని పెట్టాలి. పరీక్ష అంటే ఇలా ఉండాలి అని నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను. అతను మాత్రం మొదటిసారి ఎదురు చెప్పాడు.

"పడవెక్కితేనే బాగుంటదండీ."

"ఎందుకు? నీళ్ళు అక్కడైనా ఇక్కడైనా అవేగా?"

అతను పడవకేసీ నీళ్ళకేసీ చూశాడు. "అవునండీ. నీళ్ళు అవేనండీ" అన్నాడు.

మొదటి రోజు తేలతాయన్నాడు, తేల్లేదు. రెండో రోజు సరిగ్గా చెప్పాడు. మూడో రోజు మళ్ళీ తప్పు. నాలుగో రోజు చాలాసేపు నిలబడి, గట్టు దిగి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి, పైకొచ్చి "ఏమోనండీ" అన్నాడు. ఏమో కుదరదు, ఏదో ఒకటి చెప్పమంటే చెప్పాడు, అది ఎలాగో సరిపోయింది. అయిదో రోజు మబ్బు పట్టి గాలి లేకుండా ఉక్కపోసింది. నా పెట్టె పర్లేదంది. అతను ఎడమ చెయ్యి పిడికిలి మూస్తూ తెరుస్తూ నీళ్ళకేసి చూసి, "పర్లేదేమోనండీ" అన్నాడు. మావయ్య ఏరేటర్లు వేయించలేదు.

మర్నాడు నేను మొదటి బస్సుకి వెళ్ళేసరికి గట్టంతా చేపలు. కిలోన్నర, రెండు కిలోల శీలావతులు, తెల్లగా, వరసగా. ఇంకా నీళ్ళలోంచి వలతో లాగుతున్నారు. కాకులు గోల. మావయ్య లుంగీ మోకాళ్ళ పైకి కట్టుకుని బురదలో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే "సంతోషమా?" అన్నాడు.

నాకు ఆ క్షణంలో భయమేసింది. డాక్టరేట్ పోయినట్టే, చేపలు నా వల్లే పోయినట్టే, గుడివాడ చుట్టాలందరి నోళ్ళలో నేను పడ్డట్టే. అప్పుడు అతను కనిపించాడు, వల కొస పట్టుకుని. నా బుర్రలో లెక్క చకచకా కుదిరిపోయింది. ఎంత చక్కగా కుదిరిందో ఇప్పటికీ గుర్తుంది.

"నలభై రోజుల్లో రెండే తప్పులు. నా కెమెరా పక్కన నిలబెట్టగానే అయిదు రోజుల్లో మూడు తప్పులు. నీళ్ళు అవేనని నువ్వే అన్నావు. కళ్ళూ అవే. మరి మారిందేంటి?" అన్నాను అందరూ వినేలా. "నీ మాటలు విని నా పెట్టె నేర్చుకుంటే పాక పోతుందని నీకు తెలుసు. అందుకే కావాలని తప్పు చెప్పావు. ఇన్నాళ్ళూ నాకు చెప్పిన రంగూ తెట్టూ కూడా అబద్ధమే."

"లేదండీ. నాకే తెలవలేదండీ."

"పందొమ్మిదేళ్ళు తెలిసింది ఈ వారమే తెలవలేదా?"

"అదే నాకూ అర్థం కావట్లేదండీ" అన్నాడు తన కాళ్ళకేసి చూస్తూ.

"చూడు మావయ్యా, కళ్ళలోకి చూసి చెప్పలేకపోతున్నాడు. నిజం చెప్పేవాడు ఎవడన్నా అలా తల దించుకుంటాడా?"

మావయ్యకి అంతకంటే అక్కర్లేకపోయింది. కోపం ఎవరో ఒకరి మీద పడాలి, మేనకోడలి మీద పడితే రేపు మా అమ్మకి సమాధానం చెప్పుకోవాలి. సాయంత్రానికి పాక ఖాళీ చేయమన్నాడు.  అతని భార్య సామాను మూట నెత్తిన పెట్టుకుని నా ముందు ఆగి, "మా నోట్లో మన్ను కొట్టావమ్మా. నీ చదువు మండా" అని వెళ్ళిపోయింది. చెరువుని చంపినోడని ఆ చుట్టుపక్కల రైతులంతా చెప్పుకున్నారు. ఆ పేరు పడ్డ మనిషిని ఇంకే చెరువు మీదా పనిలో పెట్టుకోరు. అది నాకు తెలుసు. తెలిసీ ఆ పూట గుడివాడలో మావయ్య ఇంట్లో భోంచేసి, పెరుగు రెండోసారి వేయించుకుని మరీ తిన్నాను.

తర్వాత రెండు నెలలు పెట్టెని బాగుచేయాలని చూశాను. కెమెరా గట్టు మీద ఉండబట్టే సరిగ్గా చూడలేకపోతోందేమో, చెరువు మధ్య నుంచి ఫోటోలు తీద్దామని ఒక సాయంత్రం నేనే పడవ ఎక్కాను. తోసే మనిషి కొత్తవాడు. సంచుల వరస దగ్గర ఆపమంటే పడవ గాలికి పక్కకి జరిగిపోతోంది. ఫోటో మసక వస్తోంది. విసుగొచ్చి, పడవ కదలకుండా ఉండేందుకు సంచులు కట్టిన తాడు పట్టుకున్నాను.

తాడు వణుకుతోంది. సన్నగా, ఆగి ఆగి, గాలిపటం దారం పట్టుకున్నట్టు. కింద చేపలు సంచుల్ని లాగుతున్నాయి. ఇంకో వరస దగ్గరికి వెళ్ళి పట్టుకున్నాను. అక్కడా ఉంది గానీ అంత లేదు. ఫోటోలు తీయడం మర్చిపోయి అలాగే ఉండిపోయాను. మర్నాడు మబ్బు. వెళ్ళి పట్టుకున్నాను. తాడు దాదాపు చచ్చినట్టు ఉంది. మేత మిగిలిందో లేదో సంచి ఎత్తి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, కానీ అది మర్నాటి మాట. నీళ్ళలో గాలి తగ్గుతుంటే చేప మేత ముట్టదు, ఆ సంగతి అప్పటికప్పుడు చెప్పేది ఆ వణుకే. ఆ సాయంత్రం నేనే ఏరేటర్లు వేయించాను. తెల్లవారేసరికి వాటి చుట్టూ చేపలు మూగి ఉన్నాయి.

బందరు వచ్చి, కత్తిరించకముందటి వీడియోలు వెతికి తీశాను. నలభై రోజులవీ చూశాను. ప్రతిదానిలోనూ అతను పడవ ఆపుతాడు, ఎడమ చేత్తో తాడు పట్టుకుంటాడు, కళ్ళు చికిలించి నీళ్ళకేసి చూస్తాడు. తేలతాయన్న రోజుల్లో ఆ చెయ్యి తాడు మీద ఎక్కువసేపు ఉంది, రెండోసారి పట్టుకుని చూసింది. పడవ నిలకడ కోసం పట్టుకుంటున్నాననే అతను అనుకుని ఉంటాడు. చెయ్యి తెలుసుకునేది, కళ్ళు పేరు కొట్టేసేవి. నేను ఆ చెయ్యిని నలభై రోజుల వీడియోల్లోంచీ కత్తిరించి పారేశాను. ఆ పైన మనిషినే తాడు దగ్గర నుంచి లాక్కొచ్చి గట్టు మీద నిలబెట్టాను. గట్టు మీద అతను ఎడమ పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉండటం నా కళ్ళారా చూశాను కూడా.

ఎడమ మూల నుంచి మొదలుపెట్టే మా అమ్మ ఆ పూట ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేను. అమ్మ తప్పు చెబితే మనిషి మనసు ఇంత విచిత్రమా అని ముచ్చటపడ్డాను. అతను తప్పు చెబితే దొంగ అన్నాను.

సెల్‌ఫోన్ పక్కకి తిప్పితే బొమ్మ కూడా తిరిగేలా చేసే చిన్న బిళ్ళ ఒకటి దానిలో ఉంటుంది. వణుకు కొలవడానికి అలాంటివి కొని తాళ్ళకి కట్టాను. నెల తిరిగేసరికి పెట్టె ఇంచుమించు అతనంత బాగా చెప్పసాగింది. గైడు మొదటిసారి తల ఎత్తి నన్ను చూశాడు. "పనివాడు చెప్పిన కారణం తప్పని యంత్రం కట్టబట్టే తెలిసింది. అదే నీ థీసిస్. ఇంకేం పెట్టకు" అన్నాడు. ఇంకేం పెట్టకపోవడమంటే అతన్ని వెళ్ళగొట్టిన సంగతి పెట్టకపోవడమని నాకు తెలుసు.

మావయ్య దగ్గరికి వెళ్ళి, అతను అబద్ధం చెప్పలేదు, వెనక్కి పిలువు అన్నాను.

"ఆ మాట అప్పుడెందుకు చెప్పలేదే?"

"అప్పుడు నాకు తెలీదు."

"మరి అంత గట్టిగా ఎట్టా చెప్పావు?" అన్నాడు. వెంటనే ఆయనే అందుకున్నాడు. "అయినా ఇప్పుడు ఆడెందుకు? పెట్టె పనిచేస్తోందిగా. పాక కూడా పీకించేశాను."

అతను నిర్దోషి అని రుజువు చేసిన పెట్టే అతని పని తీసేసుకుంది. కట్టింది నేనే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, ఇక్కడ కాలిన చేతులు కూడా నావి కావు.

థీసిస్ ఇచ్చే ముందు ఒక ఆదివారం అతని సొంతూరు వెతుక్కుంటూ దివిసీమ వెళ్ళాను. అవనిగడ్డ దాకా బస్సు, తర్వాత కోడూరు, అక్కడి నుంచి ఆటో. పాలకాయతిప్పలో సముద్రం ఒడ్డున వల ఆరబోసిన చోట అతను కూర్చుని చిరుగులు కుడుతున్నాడు. పక్కన భార్య ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి ఆమె లేచి, అవతలికి వెళ్ళి ఉమ్మేసి వచ్చి మళ్ళీ కూర్చుంది. అతను లేవలేదు. కూర్చోమనీ అనలేదు. ఇసకలో నిలబడే మొదలుపెట్టాను. దారి పొడుగునా అనుకుంటూ వచ్చినందువల్ల 'మీరు' అన్న మాట తడబడకుండానే వచ్చింది.

తాడు సంగతి చెప్పాను. వీడియోలో చూసింది చెప్పాను. తెలుసుకుంటున్నది కళ్ళు కాదు, మీ ఎడమ చెయ్యి అన్నాను. అతను కుట్టడం ఆపి ఎడమ అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. కాసేపు నిజంగానే ఆశ్చర్యపోయినట్టున్నాడు. అంతలోనే ఆ ఆశ్చర్యం పోయింది.

"అయితే నేను అబద్ధమాడలేదని తేలిందాండీ?"

"తేలింది. రుజువైంది."

"పెట్టె చెప్పిందాండీ?"

"అవును."

"నేను ఆ రోజే చెప్పాను గదండీ" అన్నాడు వల మీద నుంచి చూపు ఎత్తకుండా.

 క్షమించమని అడగడానికి వెళ్ళిన దాన్ని, ఆ మాట అనలేదు. పైగా ఇంత దూరం వచ్చినందుకైనా కాస్త మెత్తబడడేం అని లోపల కోపం కూడా వచ్చింది. అది దాచడం ఎందుకు.

"నాకొక్కటే తెలవాలండీ. అబద్ధమాడానని ఆ రోజు మీకెట్టా తెలిసింది?"

"మీరు తల దించుకున్నారు. నా కళ్ళలోకి చూడలేకపోయారు. అందుకని..."

అతని భార్య చేపలు తిరగెయ్యడం ఆపేసింది.

"ఏ రోజు చూశానండీ మీ కళ్ళలోకి?" అన్నాడు. "రైతుల ఇళ్ళల్లో ఆడాళ్ళ మొహంలోకి చూడగూడదని చెప్పి పనికి పంపాడు మా అయ్య. మొదటి రోజు కాణ్ణుంచీ కాళ్ళకేసే చూసి మాట్లాడాను. మీ ఫోన్లో ఉంటదిగా అదంతా. చూసుకోలేదా?"

ఉంది. నలభై రోజులవీ ఉన్నాయి. తేలతాయని నిజం చెప్పిన రోజుల్లోనూ అదే తల, అదే దించుకోవడం. రోజూ ఉండేదాన్ని ఒక్క రోజుకి సాక్ష్యంగా పట్టుకున్నాను. నా విద్యార్థి ఎవడైనా అలాంటి పెట్టె కట్టుకొస్తే సున్నా వేసి పంపేదాన్ని. ఆ రోజు చేపల గుట్ట పక్కన నాకు తెలిసింది అతని తల వల్ల కాదు. నా తప్పు మోయడానికి ఒక మనిషి కావాలి, అతను అందుబాటులో ఉన్నాడు. కారణం తర్వాత వెతుక్కున్నాను. వెతుక్కున్నానని కూడా నాకు తెలియలేదు.

ఇది అతనికి చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను. అతను సూది వల మీద పెట్టి, తల ఎత్తి, మొదటిసారి తిన్నగా నా కళ్ళలోకి చూశాడు. చెప్పండి అన్నట్టు అలాగే చూస్తూ ఉన్నాడు.

నేను తల దించుకున్నాను.